కంప్యూటర్ మెమరీ: వేగమా? నమ్మకమా?

మాది డోన్ దగ్గర బోరు కింద వ్యవసాయం చేసే కుటుంబం. మోటరు చప్పుడు వినే కరెంటు తక్కువో ఎక్కువో చెప్పేస్తాడు మా నాయన. ఆ ఇంట్లో పుట్టిన నేను, పాత కంప్యూటర్ ఒకటి కొని, దాని మెమరీని సవరించబోయి నేర్చుకున్న పాఠం మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ర్యామ్‌లో కోట్ల కొద్దీ చిన్న చిన్న కెపాసిటర్లుంటాయి. ఆవేశం ఉంటే 1, లేకుంటే 0. ఒక్క ట్రాన్సిస్టర్‌తో పనిచేసే ఈ గడికి ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందారు. ఇసుక నేలలో నీళ్లలాగా ఆవేశం ఇంకిపోతుంది గనుక, సాధారణంగా 64 మిల్లీసెకన్లలోగా దాన్ని మళ్లీ నింపాలి.

గడులన్నీ మడుల్లాగా వరుసల్లో ఉంటాయి. ముందు వరుస తెరవాలి, తర్వాత గడిని అడగాలి, చివరకు వరుస మూయాలి. మడవ తిప్పగానే నీళ్లు మడి చివరకు చేరవు గదా! ఇక్కడా అంతే, ప్రతి పనికీ కొంత ఆగాలి. ఆ ఆగడాలే టైమింగులు. వరుస తెరిచాక ఆగేది టి.ఆర్.సి.డి., గడిని అడిగాక సమాచారం వచ్చేదాకా ఆగేది సి.ఎల్., వరుస మూయడానికి పట్టేది టి.ఆర్.పి. డి.డి.ఆర్.4, 3200 రకంలో ఒక గడియార స్పందన 0.625 నానోసెకను. సి.ఎల్. 16 అంటే 10 నానోసెకన్లు. 3600 రకంలో 18 అన్నా అదే 10. కాబట్టి అంకె చూసి మోసపోరాదు.

కంప్యూటర్ లేవగానే బయోస్‌లోకి పోయి ఈ అంకెలు మార్చవచ్చు. నేను 16ను 14 చేసి, 1.35 వోల్టులను 1.40కి పెంచాను. కంప్యూటర్ చక్కగా లేచింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను! వారం తర్వాత, నాదీ నా స్నేహితునిదీ ప్రాజెక్టు దాచిన ఫైలు తెరుచుకోలేదు. పట్టికల్లో అంకెలు పాడైపోయాయి. ఇద్దరం రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాం. వాడు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

మెమ్‌టెస్ట్86 నడిపితే తప్పులు వరసగా కనిపించాయి. పాత అంకెలు పెట్టి రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ లేదు. విషయం విని మా నాయన అన్నాడు: “మోటరు తిరిగితే సాలదురా, నీళ్లు రావల్ల.”

ప్రయత్నించే మిత్రులకు మనవి. ముందు పాత అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి. డి.డి.ఆర్.4కు ప్రామాణిక వోల్టేజి 1.2, డి.డి.ఆర్.5కు 1.1, ఒకదాని లెక్క ఇంకొకదానికి పెట్టకండి. తెర నల్లబడితే భయపడవద్దు. కరెంటు తీసి, బోర్డు మీది నాణెం బ్యాటరీని కాసేపు తీసి పెడితే చాలావాటిలో పాత అంకెలు తిరిగి వస్తాయి. చలికాలంలో నిలిచిన సవరణ మన డోన్ ఎండల్లో నిలవకపోవచ్చు, మే నెలలో మళ్లీ పరీక్షించండి. అన్నిటికంటే ముందు, ముఖ్యమైన ఫైళ్లకు నకలు వేరేచోట దాచండి.

తెర నల్లబడితే తప్పు మనకు తెలుస్తుంది. అంకె ఒకటి చప్పుడు లేకుండా మారిపోతే తెలియదు. కంప్యూటర్ లేచిందా అని కాదు, చెప్పింది నిజమేనా అని చూడాలి.