కోసిన పండ్ల ముక్కలు: కాంతి చేసే పని, మనం చేయాల్సిన పని



ఉదయం ఏడింటికి కోసి స్నాక్ బాక్స్‌లో పెట్టిన బొప్పాయి ముక్కల్ని పిల్లలు షార్ట్ బ్రేక్‌లో, అంటే పదిన్నరకో పదకొండుకో తింటారు. ఈ మూడు, నాలుగు గంటల్లో ఆ ముక్కల మీద ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

పండుకు తొక్కే రక్షణ. కోయగానే తీపి రసం బయటికి వస్తుంది. తొక్క మీద, కత్తి మీద, చేతుల మీద ఉన్న సూక్ష్మజీవులు ఆ రసంలో త్వరగా పెరుగుతాయి. పోనీ వేడి చేద్దామంటే పండు తాజాదనం పోతుంది. అందుకే కోసిన పండ్లు, కూరగాయలపై సూక్ష్మజీవుల్ని తగ్గించడానికి శాస్త్రవేత్తలు కాంతిని ఉపయోగించే పద్ధతులు కనిపెట్టారు.

కాంతి ఎలా పనిచేస్తుంది?

ఎండకు బాక్టీరియా పెరుగుదలను ఆపే గుణం ఉందని 1877లోనే ఇంగ్లండ్‌లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపించారు. ఈ పనికి ఇప్పుడు ఎక్కువగా వాడేది యూవీ-సి అనే అతినీలలోహిత కాంతి. ఇది ఎండతో పాటు నేల దాకా రాదు, ప్రత్యేక దీపాలు కావాలి. చాలా ఇళ్లలోని వాటర్ ప్యూరిఫయర్‌లో ఉండేది ఇలాంటి దీపమే. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఈ కాంతి బాక్టీరియా డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఇక అది రెండుగా విడిపోయి పెరగలేదు.

మరో పద్ధతి పల్స్‌డ్ లైట్. ఇందులో జినాన్ దీపం కెమెరా ఫ్లాష్‌లా, కానీ అంతకంటే ఎంతో శక్తితో మెరుస్తుంది. ఆహారం పైభాగంలోని సూక్ష్మజీవుల నియంత్రణకు దీన్ని వాడవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 1996లో అనుమతి ఇచ్చింది.

కాంతికీ హద్దులున్నాయి

ఈ రాత్రి మీ పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయండి. లైట్లు ఆపి, ప్లేటులో కుప్పగా పెట్టిన యాపిల్ ముక్కలపై టార్చ్ వేయండి. వెలుగు పడని చోట్లు ఎన్ని ఉన్నాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. యూవీ కాంతి కూడా అంతే. నీడలో, మడతల్లో, ముక్క లోపల ఉన్న క్రిములను అది చేరలేదు. మోతాదు ఎక్కువైతే పండు రంగు, మెత్తదనం మారిపోవచ్చు. కాబట్టి ఫ్యాక్టరీలో కూడా కాంతి శుభ్రతకు తోడు మాత్రమే. కడగడం, చల్లగా ఉంచడం తప్పవు.

ఆన్‌లైన్‌లో దొరికే యూవీ లైట్లు చూసి ముచ్చటపడకండి. యూవీ-సి కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది. పిల్లల చేతికి అస్సలు ఇవ్వకూడదు.

ఇంట్లో మనం చేయగలిగినవి

• పండును కోయకముందే, తొక్క తీసేవైనా సరే, ధారగా పడే నీటిలో రుద్ది కడగండి. సబ్బు వద్దు.
• చేతులు, కత్తి, కటింగ్ బోర్డు శుభ్రంగా ఉండాలి. పచ్చి మాంసం కోసిన బోర్డు మీద పండ్లు కోయకండి.
• కోసిన ముక్కల్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలు 32 డిగ్రీలు దాటితే గంటలోపే.
• స్నాక్ బాక్స్‌లోకి అరటిపండు, కమలాపండు, కడిగి తుడిచిన చిన్న జామకాయ వంటివి కోయకుండా పంపండి.

ఏ దీపమూ అక్కర్లేకుండా స్కూల్ బ్రేక్ దాకా పండును కాపాడేది దాని తొక్కే.