కూడూ... కనపడితే ఒట్టు!

ఆఫ్రికాలో వేట అనగానే సింహాలూ ఏనుగులే గుర్తొస్తాయి. కానీ తుపాకీ పట్టుకుని తొలిసారి అక్కడ అడుగుపెట్టేవాళ్లలో చాలామంది వెతికేది జింకల్లాంటి జంతువుల్నే. ఆ వారం పదిరోజుల్లో వాళ్లకి ఎదురయ్యే పరీక్షలేంటి? ఆ వేట వెనకున్న లెక్కలేంటి? ఓసారి నమీబియా వెళ్లొద్దాం రండి!

ఎటు చూసినా ముళ్లతుమ్మలూ ఎండుగడ్డీ. ఆ తుప్పల మధ్య, 150 గజాల దూరంలో ఓ మగ కూడూ నిలబడి ఉందంటాడు జాడ తీసే మనిషి. బైనాక్యులర్స్‌లోంచి ఎంతసేపు చూసినా కొత్తగా వచ్చిన వేటగాడికి కొమ్మలు తప్ప ఏమీ కనిపించవు. కాసేపటికి ఆ కొమ్మల్లో ఒక ఆకు చెవిలా కదులుతుంది. అప్పుడు అర్థమవుతుంది... ఇందాకటి నుంచీ చూస్తున్నది కొమ్మని కాదు, కొమ్ముని!

అందుకే అక్కడి వేటగాళ్లు కూడూకి 'బూడిదరంగు దెయ్యం' అని పేరుపెట్టారు. మన మనుబోతు కన్నా ఎత్తుగా, రెండున్నర క్వింటాళ్ల దాకా బరువుతో ఉండే ఈ జంతువు, ఒంటిమీద సన్నటి తెల్లచారలతో పొదల్లో ఇట్టే కలిసిపోతుంది. మెలితిరిగిన దాని కొమ్ములంటే వేటగాళ్లకు వందేళ్లుగా మోజు. 1933 చివర్లో తూర్పు ఆఫ్రికా వెళ్లిన అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే కూడా కూడూ కోసం రోజుల తరబడి తిరిగాడు. ఆ తపననే 1935లో 'గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా' పేరుతో పుస్తకంగా రాశాడు.

సఫర్ నుంచి సఫారీ

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీలోని 'సఫర్' దీనికి మూలం. హైదరాబాదీలు ఉర్దూలో రోజూ వాడే సఫర్ కూడా అదే! ఈ ప్రయాణానికి పెద్ద ప్రచారం తెచ్చినవాడు థియోడర్ రూజ్‌వెల్ట్. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన వెంటనే, 1909లో ఆయన తూర్పు ఆఫ్రికాకు ఓడెక్కాడు. ఆ బృందం స్మిత్‌సోనియన్ సంస్థ కోసం 11వేలకు పైగా జంతువుల నమూనాలు సేకరించింది.

సింహం, ఏనుగు, చిరుత, అడవిదున్న, ఖడ్గమృగం... ఈ అయిదింటినీ 'బిగ్ ఫైవ్' అంటారు. కాలినడకన వేటాడటానికి అత్యంత ప్రమాదకరమైనవి ఇవేనని పాతకాలం వేటగాళ్లు పెట్టిన పేరది. గడ్డిమైదానాల్లో, పొదల్లో మేసే కూడూ, ఒరిక్స్, స్ప్రింగ్‌బక్, విల్డబీస్ట్, జీబ్రా, అడవిపంది జాతికి చెందిన వార్ట్‌హాగ్ లాంటివన్నీ 'ప్లెయిన్స్ గేమ్'. ఖర్చూ ప్రమాదమూ తక్కువ కాబట్టి తొలిసారి వెళ్లేవాళ్లకు ఈ వేటే మొదటి మెట్టు. నమీబియా, దక్షిణాఫ్రికా ఇందుకు పేరుమోసిన దేశాలు. మే నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. వానలుండవు, ఆకులు రాలిపోతాయి, జంతువులు నీటిగుంటల చుట్టూ చేరతాయి. వేటగాళ్లంతా ఎదురుచూసేది ఆ నెలల కోసమే.

నిబంధనల చిట్టా

డబ్బుంది కదాని తుపాకీ తీసుకుని అడవిలోకి వెళ్లిపోతానంటే కుదరదు. నమీబియాలో విదేశీ వేటగాడి వెంట ప్రభుత్వం దగ్గర నమోదైన గైడ్ ఉండి తీరాలి. ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఒక్కో జాతిలో ఏడాదికి రెండు జంతువులకు మించి ట్రోఫీకి అనుమతి ఉండదు. పిస్తోళ్లూ ఆటోమేటిక్ ఆయుధాలూ నిషేధం. తూటా శక్తికీ లెక్కుంది. చిన్నదైన స్ప్రింగ్‌బక్‌కి కనీసం 1,350 జౌళ్లు, కూడూ, ఒరిక్స్ లాంటివాటికి 2,700 జౌళ్లు ఉండాలి. చాలని తూటాతో కాల్చి జంతువుని గాయాలతో వదిలేయకూడదన్నది దీని వెనకున్న ఆలోచన.

ఫీజులు రెండు రకాలు. బస, తిండి, గైడ్, వాహనాల కోసం రోజుకింత. ఆపైన ఏ జంతువుని కొడితే దానికి విడిగా ట్రోఫీ ఫీజు. గాయపడిన జంతువు తప్పించుకున్నా సరే, నేలమీద రక్తపు చుక్క కనిపిస్తే పూర్తి ఫీజు కట్టాలన్నది అక్కడి ఆనవాయితీ.

ముక్కాలిపీట మీద గురి

మొదటి రోజు క్యాంపులో చేయించే మొదటి పని, అట్టపెట్టె మీద గుర్తు పెట్టి కాల్పించడం. విమాన ప్రయాణంలో తుపాకీ టెలిస్కోప్ పక్కకి జరిగి ఉంటే ఇక్కడ బయటపడుతుంది. కొత్తవాళ్ల లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇంటి దగ్గర బల్లమీద తుపాకీ ఆనించి కాల్చడం వేరు. ఇక్కడ మూడు కర్రల్ని పైన కట్టి నిలబెట్టి, ఆ కూడలిలో తుపాకీ ఆనించి నిలబడి కాల్చాలి. గంటసేపు నడిచొచ్చాక రొప్పుతుంటే గురి ఎటు పోతుందో చెప్పలేం.

ఇక అసలు పని నడక. ముందు జాడ తీసేవాడు, వెనక గైడ్, అతడి వెనక వేటగాడు. గిట్టల గుర్తు అంచులు పదునుగా ఉన్నాయా, గాలికి రాలాయా, పేడ తడిగా ఉందా... వీటిని బట్టి మంద ఎప్పుడు దాటి వెళ్లిందో చెప్పేస్తారు. ఈ విద్యలో శాన్ తెగవాళ్లది అందెవేసిన చేయి. గైడ్ చేతిలో చిన్న బూడిద డబ్బా ఉంటుంది. దాన్ని నొక్కితే లేచే పొడి ఎటు వెళ్తే గాలి అటు వీస్తున్నట్టు. గాలి జంతువుల వైపు తిరిగిందా... మూడు గంటల నడక బూడిదలో పోసిన పన్నీరే!

అంతా కలిసొచ్చి కూడూ కనిపించినా కాల్చొచ్చని కాదు. దాని వెనక ఆడకూడూ ఉండొచ్చు, తూటా దూసుకెళ్లి దానికీ తగులుతుంది. కొమ్ము రెండున్నర మెలికలు తిరగడానికి ఆరేళ్లు పడుతుంది. అంతకన్నా చిన్నదైతే వదిలేయాల్సిందే. ముసలి మగదైతే, అది పక్కకి తిరిగి నిలబడితే, గైడ్ తలూపితే... అప్పుడే. గుండె మనం అనుకునే చోటు కన్నా కిందుగా, ముందుకాలికి ఎగువన ఉంటుంది. కొత్తవాళ్లు పైకి కాలుస్తారు. గురి తప్పి గాయమైతే సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాడు కూడా రక్తపు చారలు పట్టుకుని వెతకాలి. ఫీజు పోవడం కన్నా ఆ వెతుకులాటే మనిషిని కుంగదీస్తుంది. వేటంటే కాల్చడం కాదు, ఎప్పుడు కాల్చకూడదో తెలియడం అని తెలిసొచ్చేది అప్పుడే.

నోట్లో పచ్చని రెమ్మ

జంతువు పడిపోయాక నమీబియాలో చాలాచోట్ల ఓ ఆచారం పాటిస్తారు. పచ్చని రెమ్మని తుంచి దాని నోట్లో పెడతారు. కడసారి ముద్ద అన్నమాట. కాసేపు ఎవరూ మాట్లాడరు. 1915 దాకా ఈ దేశాన్నేలిన జర్మన్ల నుంచి వచ్చిన సంప్రదాయమిది.

ఆ తర్వాత మాంసం ఏమవుతుంది? వృథా అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. కొంత ఆ రాత్రి వంటకి, కొంత ఫార్మ్ పనివాళ్ల ఇళ్లకి, కొంత అమ్మకానికి. మిగతాది ఉప్పు, వెనిగర్, ధనియాలు పట్టించి ఎండబెడితే బిల్‌టాంగ్... మన తెలంగాణ పల్లెల్లో చేసే మాంసం వరుగులకు అన్నలాంటిది! కూడూ పేరు నిజంగానే అక్కడ కూడన్నమాట. వేటగాడికి దక్కేది కొమ్ములూ తోలూ మాత్రమే. అవి శుద్ధై, ఓడెక్కి ఇంటి గోడ మీదికి చేరేసరికి నెలలు గడిచిపోతాయి.

చంపితే బతుకుతాయా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు స్వస్తి పలికిన దేశం మనది. కృష్ణజింకని కాల్చడం నేరమని ఇక్కడి పిల్లలకూ తెలుసు. మరి జింకల్లాంటి జంతువుల్ని డబ్బు తీసుకుని కాల్పించడం సంరక్షణ ఎలా అవుతుంది?

నమీబియా జవాబు ఇది. ఒకప్పుడు అక్కడి రైతుకి కూడూ అంటే తన ఆవుల గడ్డి తినే శత్రువు. 1960ల చివర్లో, 1975లో వచ్చిన చట్టాలు తమ భూముల్లోని వేటజంతువుల మీద రైతులకి హక్కిచ్చాయి. దాంతో కూడూ ఆస్తి అయింది. 1996 చట్టంతో ఉమ్మడి భూముల్లో బతికే తెగలకూ హక్కు దక్కింది. 1998లో మొదలైన గ్రామ సంరక్షణ సంఘాలు నేడు 80కి పైగా పెరిగి, దేశంలో అయిదో వంతు భూమిని చూసుకుంటున్నాయి. వేటాదాయంలో వాటా, మాంసం వాళ్లవే. ఇక్కడ మనకూ ఓ సంబంధముంది. 2022 సెప్టెంబరులో కునో పార్కుకి వచ్చిన 8 చీతాలు నమీబియావే. ఆ దేశంలో ఎక్కువ చీతాలు ఉండేది పార్కుల్లో కాదు, ఇలా జంతువుల్ని మిగుల్చుకున్న రైతుల భూముల్లోనే.

కాదనేవాళ్ల వాదనా బలమైనదే. కెన్యా 1977లోనే వేటని నిషేధించి, కెమెరాలతో వచ్చే పర్యటకుల మీదే ఆధారపడింది. 2015లో జింబాబ్వేలో సిసిల్ అనే సింహాన్ని ఓ విదేశీ వేటగాడు చంపినప్పుడు ప్రపంచమంతా భగ్గుమంది. ట్రోఫీల దిగుమతి ఆపే బిల్లుని బ్రిటన్ దిగువసభ 2023లో ఆమోదించినా, పెద్దలసభలో అది ముందుకు సాగలేదు. బోట్స్వానా 2014లో వేటని ఆపి, 2019లో మళ్లీ తెరిచింది. దక్షిణాఫ్రికాలో కొన్ని ఫార్మ్‌లు కంచెల మధ్య వింతరంగుల జంతువుల్ని పెంచి వేటకి పెట్టడాన్ని వేటగాళ్లే తప్పుపడుతున్నారు. సరదా కోసం ప్రాణం తీయడమేంటన్న ప్రశ్నకి లెక్కలతో జవాబు చెప్పలేమన్నది ఇంకొందరి మాట.

2024లో తీవ్రమైన కరవొచ్చింది. ప్రజలకి మాంసం పంచడానికి 723 జంతువుల్ని చంపాలని ఆ ఆగస్టులో నమీబియా ప్రభుత్వం నిర్ణయించింది. వాటిలో 300 జీబ్రాలు, 100 ఈలండ్‌లు ఉన్నాయి. విమర్శలూ అంతే వేగంగా వచ్చాయి. అయితే కరవు కాలంలోనైనా, మంచి కాలంలోనైనా అక్కడి రైతు వేసుకునే లెక్క ఒకటే. ఈ గడ్డి ఆవుకా, కూడూకా? కూడూని చూడ్డానికి వచ్చేవాళ్లు హోటళ్లూ నీళ్లూ ఉన్నచోటికే వెళ్తారు. ముళ్లతుప్పలు తప్ప ఏమీ లేని మారుమూలకి ప్రస్తుతానికి డబ్బు మోసుకొస్తున్నది ఎక్కువగా వేటగాళ్లే. అంతకన్నా మంచి దారి చూపించగలిగిన రోజున తుపాకీ పక్కన పెట్టమని ఆ రైతుకి ఎవరైనా ధైర్యంగా చెప్పొచ్చు!