మీకు తెలుసా? టమోటా పారబోసే సీమలో కూరగాయలకు కరువు

కర్నూలు జిల్లా ఆదోనికి దగ్గర్లోని పత్తికొండ టమోటాకు పెద్ద మార్కెట్. ధర పడిపోతే రైతులు పంటను రోడ్డు మీదే పారబోస్తారు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చాలా కూలి ఇళ్లలో జొన్నరొట్టెకు ఉల్లికారమే తోడు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచన ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అయిదుగురు పెద్దలున్న ఇంటికి ఇది రెండు కిలోల కూరగాయలు, అరకిలో పండ్లు. బియ్యం రేషన్‌లో వస్తాయి, కూరగాయలు మాత్రం ఆనాటి ధరకే కొనాలి. కూలి దొరకని వారం మొదట ఆగేది పండే.

చదువుకున్న ఇళ్లు పండ్లు, కూరగాయలు ఎక్కువ కొంటాయని చాలా దేశాల సర్వేలు చెబుతున్నాయి. తెలివిడి ఒక్కటే కారణం కాదు, చదువు వెంట నెలజీతం కూడా వస్తుంది. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లాలో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో సగం మందికి చదవడం, రాయడం రాదు. కోసిగి, కౌతాళం మండలాల వైపు పరిస్థితి ఇంకా కష్టం. సంతకు వెళ్లేదీ, వండేదీ ఎక్కువగా ఆడవాళ్లే. “పండ్లు తినండి” అని చెప్పి ఊరుకోవడం వాళ్లకు అన్యాయం.

ఏటా ఈ మండలాల కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. వెంట వెళ్లిన పిల్లలకు బడి పోతుంది. ప్రాథమిక తరగతుల్లో 50, పై తరగతుల్లో 75 గ్రాముల కూరగాయలు ఉండాల్సిన మధ్యాహ్న భోజనమూ పోతుంది.