జానెడు వంపు

వానలు తగ్గాక జైనూర్ చుట్టుపక్కల వాగుల్లో నీళ్లు తేటపడతాయి. ఎండ పడినప్పుడు ఒడ్డున నిలబడి చూస్తే, అడుగున ఇసుక మీద వెలుగు గీతలు వలలా అల్లుకుని కదులుతుంటాయి. ఆ తేటనీళ్లు వెలుతురును మింగింది దాదాపు లేదు. పైనున్న చిన్న చిన్న అలలు దాన్ని కాస్త వంచాయి, అంతే. రొమ్ము క్యాన్సర్‌ను పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు సిద్ధం చేస్తున్న ఫేజ్ కాంట్రాస్ట్ ఎక్స్‌రే చదివేది ఇలాంటి గీతలనే.

మామూలు మామోగ్రఫీ నీడను చదువుతుంది. ఎముక ఎక్స్‌రేను బాగా మింగుతుంది కాబట్టి స్పష్టంగా తేలుతుంది. రొమ్ములో ఆ సౌకర్యం లేదు. పాలగ్రంథులూ గడ్డా ఇంచుమించు ఒకేలా మింగుతాయి. వయసులో ఉన్నవాళ్లకు గ్రంథులు దట్టంగా ఉంటాయి కనుక, సున్నం గోడ మీద సున్నం చుక్కను వెతికినట్టే. కానీ అదే కణజాలానికి కిరణాన్ని మింగే గుణం కన్నా దాని అలను జరిపే గుణం సుమారు 1000 రెట్లు ఎక్కువ. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద వింత ఇదే.

అల జరిగితే కిరణం వంగుతుంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు వాడుకోలేదంటే, ఆ వంపు అంత సన్నం. కిలోమీటరు పోతే మిల్లీమీటరు పక్కకు జరిగేంత. జైనూర్ నుంచి హైదరాబాద్‌కు గీత గీసినట్టు 200 కిలోమీటర్లకు పైగా పోయిన కిరణం పక్కకు తప్పేది ఒక జానెడు!

ఈ వంపును మొదట వెతికింది సాక్షాత్తూ రాంట్‌జెన్. 1895 నవంబర్ 8న ఎక్స్‌రేలను కనిపెట్టిన కొద్ది వారాలకే నీటితో, అల్యూమినియంతో, గట్టి రబ్బరుతో చేసిన పట్టకాల గుండా వాటిని పంపి చూశాడు. వంపు ఉన్నా వక్రీభవన గుణకం 1.05 దాటదని తొలి వ్యాసంలోనే రాశాడు. నిజానికి అది 1 కన్నా రవ్వంత తక్కువ. తేడా పది లక్షల్లో ఒక వంతు స్థాయిది. ఆయన పరికరాలకు అది అందే మాటే కాదు. స్ఫటికాలతో, అల జరగడాన్ని కొలిచే ఎక్స్‌రే ఇంటర్‌ఫెరోమీటర్ రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది.

సింక్రోట్రాన్ కిరణాలతో ఈ పరీక్ష మొదట చేయించుకున్న ఆడవాళ్లు ఇటలీలోని ట్రియెస్టేలో ఉన్నారు. సింక్రోట్రాన్ అంటే ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం. అక్కడి ఎలెట్రా సింక్రోట్రాన్‌లో 2006 నుంచి 2009 వరకు 71 మందికి చేశారు. ఎలక్ట్రాన్లు తిరిగే వలయం చుట్టుకొలతే 259 మీటర్లు. కిరణం సుమారు 30 మీటర్లు నడిచి వచ్చి రొమ్మును తాకుతుంది, ఆ తర్వాత ఇంకో 2 మీటర్ల దూరంలో బొమ్మ పడుతుంది. ఆ ఖాళీ ఎందుకంటే, వాగులోనూ అంతే కదా: లోతు లేకపోతే గీతలు లేవు.

అంత పెద్ద వలయం ప్రతి జిల్లాకూ రాదు. అందుకే 2006లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో మామూలు ఎక్స్‌రే ట్యూబుతోనే, అతి సన్నని గీతల పలకలు అడ్డుపెట్టి, ఈ వంపును పట్టారు. దాని మూలం ఫోటోగ్రఫీ పితామహుల్లో ఒకడైన టాల్బట్ 1836లో గమనించిన సంగతి: గీతల పలక వెనక కొంత దూరంలో అవే గీతలు వాటంతట అవే మళ్లీ కనిపిస్తాయి. ఆసుపత్రులకు దారి ఏదైనా ఉంటే అది ఇటువైపేనని నా నమ్మకం.

ఈ పద్ధతితో రేడియేషన్ తగ్గించిన విశేషం ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌ది. శస్త్రచికిత్సలో తీసివేసిన ఒక రొమ్మును అక్కడ త్రీడీలో చిత్రించారు. మామూలు సీటీ కన్నా మోతాదు సుమారు 25 రెట్లు తగ్గిందని 2012లో ప్రకటించారు.

మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 వలయానికి, 172.5 మీటర్లదానికి, ఎక్స్‌రే చిత్రాల కోసమే ఒక కిరణమార్గం ఉంది. జైనూర్ అక్కాచెల్లెళ్లకు ఇవాళ అందేది మాత్రం మామూలు మామోగ్రఫీయే. చేతికి గడ్డ తగిలితే దానికే, ఆలస్యం చేయకుండా వెళ్లాలి. అందులో రొమ్మును పలకల మధ్య నొక్కే నొప్పికి జంకి వెనక్కి తిరిగేవాళ్లుంటారు, ఆ బాధ చిన్నదేమీ కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ సింక్రోట్రాన్ దగ్గర రూపొందిస్తున్న ఫేజ్ కాంట్రాస్ట్ సీటీలో పలకలే ఉండవు. పరీక్షకు వచ్చినామె బల్ల మీద బోర్లా పడుకుంటే, రొమ్ము ఒక రంధ్రంలోంచి కిందికి వేలాడుతుంది. బల్ల మెల్లగా తిరుగుతుంది. ఏదీ నొక్కదు.