డాబా మీది ఎండ, ఇంటిలోని దీపము

ఉభయ గోదావరి జిల్లాలలో డాబాలమీద సోలార్ పలకలు ఇప్పుడు తరచుగా కానవచ్చుచున్నవి. 2024లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము రెండు కిలోవాట్లకు 60 వేల రూపాయలు, మూడింటికిగాని అంతకు మించిన వానికిగాని 78 వేల రూపాయలు రాయితీగా నిర్ణయించినది. రాయితీ యున్నది గదా యని మూడు కిలోవాట్లకు సిద్ధపడువారు పెక్కుమంది. ముందుగా ఇంటి వాడుకను కొలిచి చూచుకొనుట మేలు.

లెక్క కష్టమైనది కాదు. మన ప్రాంతమున ఒక కిలోవాట్ పలకలు సంవత్సరపు సగటున దినమునకు సుమారు నాలుగు యూనిట్ల నిచ్చును. నెలకు 300 యూనిట్లు వాడు ఇంటికి దినమునకు పది కావలెను. కనుక రెండున్నర కిలోవాట్లు చాలును. అయితే ఆ 300 అనునది పన్నెండు నెలల బిల్లుల సగటు కావలెను. మే నెల బిల్లు నొక్కదానిని చూచి నిర్ణయించినచో, ఏ.సి. తిరుగని నెలలలో మిగులు విద్యుత్తు తీగలలోనికి పోవును. దానికి ముట్టు ధర, మనము పై శ్లాబులలో చెల్లించు ధరకంటె తక్కువ.

శ్రావణమాసపు ముసురులో ఆ నాలుగు యూనిట్లు ఒకటికో రెంటికో దిగును. పోనీ, రోహిణి కార్తెలో దండిగా వచ్చునా యన్న, అదియు లేదు. పలకకు కావలసినది వెలుగే గాని వేడి కాదు. 25 డిగ్రీలు దాటి వేడెక్కిన కొలది దాని సత్తువ తగ్గును. కోనసీమలో మరియొక చిక్కు గలదు. ఒక పలకపై కొబ్బరిమట్ట నీడ పడిన, దానితో వరుసగా కలిపిన తక్కిన పలకల దిగుబడియు తగ్గవచ్చును. కాపు కాయు చెట్టును నరకుమని ఎవ్వరు చెప్పగలరు? పలకలనే జరుపుకొనవలెను.

ఇక వేళల సంగతి. సూర్యుడు మధ్యాహ్నము ఇచ్చును. ఇల్లు రాత్రి అడుగును. నెట్ మీటరు పొరుగువారి గాదెవంటిది: పగలు పోసినది రాత్రి తెచ్చుకొందుము. కాని తుపాను నాడు ఆ గాదె తలుపు మూతపడును. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానును ఎరిగినవారికి, స్తంభములు కూలిన తరువాతి చీకటి యెట్టిదో చెప్పనక్కరలేదు. తీగలలో కరెంటు ఆగినంతనే సాధారణ ఇన్వర్టరు తానును ఆగిపోవును. తీగ బాగుచేయు లైన్‌మన్ ప్రాణరక్షణకై చేసిన ఏర్పాటది. డాబా నిండ పలకలున్నను ఇంట దీపము వెలుగదు. కొనువారికి ఈ మాట ముందుగా చెప్పు విక్రేతలు అరుదు.

అందుకు బ్యాటరీయు, దానికి తగిన ఇన్వర్టరును కావలెను. బ్యాటరీ ఎంత? వారము దినములు ఉదయమొకసారి, సాయంకాలమొకసారి మీటరు అంకెలను క్యాలెండరుపై వ్రాసికొనిన రాత్రి వాడుక తేలును. అందులో ఆపదవేళ విడువరానిదానినే లెక్కింపవలెను. 75 వాట్ల ఫ్యానులు రెండు, పది వాట్ల దీపములు నాలుగు, పది గంటలు: రమారమి రెండు యూనిట్లు. కొంత అదనముతో రెండున్నర యూనిట్ల బ్యాటరీ చాలును. రెండున్నర కిలోవాట్ల పలకలు మబ్బు దినమునను దానిని నింపగలవు. నీటి మోటారును మాత్రము, ఆ ఇన్వర్టరు మోయగలిగినచో, మధ్యాహ్నమే నడుపుకొని రాత్రికి బ్యాటరీని దీపములకు విడువవలెను.