నీలగిరి చిత్తడినేలలు చెప్పెడి చరిత్ర

మన తమిళనాటి నీలగిరులలో, ఉదకమండలము పరిసరములందు, కొండవాలుల మీద పచ్చిక బయళ్లును, లోయలలో షోలాలనబడు దట్టమైన చిన్న అడవులును కలవు. పూర్వము ఆ కొండలన్నియు అడవులే యనియు, మనుష్యులు చెట్లు నరికి తగులబెట్టుటచే పచ్చిక యేర్పడెననియు చాలకాలము పలువురు తలంచిరి. ఇది నిజమా? వ్రాతలు లేని కాలమునకు సాక్ష్యమెవరు చెప్పగలరు?

లోయల అడుగుననున్న చిత్తడినేలలే ఆ సాక్షులు. నీరు నిలిచినచోట గాలి చొరదు. గాలి లేనిచోట సూక్ష్మజీవులు ఆకులను, వేళ్లను పూర్తిగా కుళ్లింపజాలవు. అవి పొరమీద పొరగా పేరుకొని నల్లని మన్నువలె నగును. దీనినే పీటు అందురు. పైపొర క్రొత్తది, అడుగుపొర మిక్కిలి పాతది. శాస్త్రజ్ఞులు నేలలోనికి గొట్టమును దింపి, పొరలు చెదరకుండ పైకి తీయుదురు.

ఆ పొరలలో పుప్పొడి యుండును. రేణువు కంటికి కానరాదు గాని దాని పైతొడుగు వేలయేండ్లు చెడకుండును. ఒక్కొక్క మొక్కల కుటుంబమునకు ఒక్కొక్క రూపము. సూక్ష్మదర్శినితో రేణువులను లెక్కించినచో ఆనాడు చెట్లు హెచ్చో, గడ్డి హెచ్చో తెలియును. ఈ పద్ధతిని 1916లో స్వీడనువాడైన లెన్నార్ట్ వాన్ పోస్ట్ వెల్లడించెను. పొర వయస్సును రేడియోకార్బను తెలుపును. మృతించిన మొక్కలో అది 5,730 ఏండ్లకు సగమగును.

వేరొక గుర్తును కలదు. కార్బనులో తేలికది, బరువైనది అను భేదములున్నవి. వేడిని, కరవును ఓర్చు గడ్డిజాతులలో బరువైనది చెట్లలోకంటె కొంత హెచ్చుగా నుండును. ఆ నిష్పత్తి పీటులో నిలిచియుండును. రామన్ సుకుమార్, ఆయన సహచరులు నీలగిరి పీటును ఇట్లు పరీక్షించి, సుమారు 20,000 ఏండ్ల చరిత్రను 1993లో ప్రకటించిరి. మంచుయుగపు కడపట వానలు తగ్గిన కాలమున గడ్డి ప్రబలియుండెను. సుమారు 9,000 ఏండ్ల క్రిందట వానలు హెచ్చెను. పిదప మరల కరవుకాలము వచ్చెను.

కావున పచ్చిక గొడ్డలికి పుట్టినది కాదు. మనుష్యుడు తరువాత నిప్పుతోను, పశువులతోను మార్పులు చేసియుండవచ్చును. కాని గడ్డి మిక్కిలి ప్రాచీనము. ఇది తెలియక ఆ బయళ్లను బంజరులనుకొని, పరదేశపు తుమ్మలను, నీలగిరి తైలపు చెట్లను విస్తారముగా నాటిరి. గడ్డిని నమ్ముకొన్న వరయాడులకు మేతభూమి తగ్గెను.

విద్యార్థులారా! చెట్టు నాటుట మంచిపనియే. ఎచ్చట నాటవలెనో ఆ నేల చరిత్ర నడిగి నిర్ణయించుట మరింత మంచిది. చిత్తడిని ఎండగట్టినచో గాలి చొచ్చి పీటు కుళ్లిపోవును. మనము చదువకముందే ఆ గ్రంథము నశించును. పనికిరాని బురదయని దేనిని త్రోసివేయవలదని మా మనవి.