కారు ఇంజిన్‌తో విమానం ఎగురుతుందా? రాణిగంజ్ స్పేర్ పార్ట్స్‌తో సాధ్యమేనా.. అసలు చిక్కు ఎక్కడంటే!

సికింద్రాబాద్: కారు స్పేర్ పార్ట్స్ కావాలంటే సికింద్రాబాద్‌లో ఎవరైనా చెప్పే పేరు రాణిగంజ్. అక్కడికి కాస్త దూరంలోనే బేగంపేట ఎయిర్‌పోర్ట్. మరి ఆ పార్ట్స్‌తో ఇంట్లోనే చిన్న విమానానికి ఇంజిన్ తయారు చేయొచ్చా? చేయొచ్చు. కానీ కారు ఇంజిన్‌ను ఉన్నది ఉన్నట్టు బిగిస్తే మాత్రం ప్రాణాలకే ముప్పు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1929లోనే అమెరికాకు చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిన్‌తో సొంత విమానం ఎగరేశారు. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్ ఫేమస్ అయింది. మన జిప్సీలో ఉండే సుజుకీ 1.3 లీటర్ల జీ13 రకం ఇంజిన్లను కూడా విదేశాల్లో చిన్న విమానాలకు వాడారు.

మొదటి చిక్కు స్పీడ్

ఇలాంటి కారు ఇంజిన్ పూర్తి పవర్ ఇవ్వాలంటే దాదాపు 5500 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి. 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ను అదే స్పీడ్‌లో తిప్పితే రెక్క అంచు సెకనుకు 490 మీటర్లు దూసుకెళ్తుంది. అంటే ధ్వని వేగం కంటే చాలా ఎక్కువ. అప్పుడు మోత తప్ప విమానాన్ని లాగే బలం సరిగా రాదు. అందుకే మధ్యలో గేర్‌బాక్స్ లేదా బెల్ట్ పెట్టి ప్రొపెల్లర్‌ను 2500 ఆర్‌పీఎంకు తగ్గించాలి. ఎన్‌సీసీ క్యాడెట్లు ట్రైనింగ్ తీసుకునే వైరస్ ఎస్‌డబ్ల్యూ-80లోని 80 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజిన్‌కు కూడా ఇలాంటి గేర్‌బాక్సే ఉంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే

సిలిండర్ పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ మెలితిరిగినట్టు కుదుపుకు గురవుతుంది. కారులో ఆ కుదుపును క్లచ్ స్ప్రింగులు చాలావరకు మింగేస్తాయి. బరువైన ప్రొపెల్లర్‌ను గేర్‌బాక్స్‌తో కలిపితే లెక్క మారిపోతుంది. ఒక ప్రత్యేక స్పీడ్ దగ్గర కుదుపులు ఒకదానికొకటి తోడై గేర్ పళ్లు, షాఫ్ట్ విరిగిపోవచ్చు. పైగా ప్రొపెల్లర్ ముందుకు లాగే బలాన్ని తట్టుకునే బేరింగ్ కారు ఇంజిన్‌లో ఉండదు. దాన్ని విడిగా అమర్చాల్సిందే.

హైవే మీద కారు తన పవర్‌లో కొంతే వాడుకుంటుంది. విమానం మాత్రం గంటల తరబడి 75 శాతం దాకా లాగుతుంది. కాబట్టి రేడియేటర్ కూడా ఆ స్థాయిలోనే ఉండాలి. సికింద్రాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడి 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజిన్ పవర్ పది శాతానికి పైగా పడిపోతుంది.

ఒక్క వైరు ఊడినా..

విమాన ఇంజిన్‌లో సాధారణంగా ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, రెండు వేర్వేరు ఇగ్నిషన్లు ఉంటాయి. చాలా కార్లలో ఒక్కటే. రోడ్డు మీద ఇంజిన్ ఆగితే కారు పక్కకు తీయొచ్చు. జనావాసాల మీద ఆగితే దిగేందుకు చోటే దొరకదు. అందుకే బ్యాటరీ, ఫ్యూయల్ పంప్ కూడా రెండేసి పెట్టుకుంటారు.

ఇవన్నీ కలిపితే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. చవగ్గా దొరికేది ఇంజిన్ ఒక్కటే, దాన్ని విమానానికి సరిపడేలా మార్చడం కాదు. ముందు నేల మీదే గట్టిగా కట్టి గంటల కొద్దీ నడిపి చూడాలి. ఆ తర్వాత కూడా డీజీసీఏ రిజిస్ట్రేషన్, అనుమతి లేకుండా గాల్లోకి లేపడం చట్టవిరుద్ధం.